పొద్దున గంట ఆరింటికి కొట్టించండి: రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, డీన్‌లకు నమస్కారం.

నేను బోటనీ లెక్చరర్ని. బైపీసీ సెక్షన్లకు పాఠాలు చెప్పడం, స్టడీ అవర్లలో కూర్చోవడం, రాత్రిళ్లు హాస్టల్ అంతస్తులు తిరిగి లైట్లు ఆర్పించడం, ఇలా నా సర్వీసులో ఎక్కువ భాగం ఈ క్యాంపస్‌లలోనే గడిచింది. జూన్‌లో కాలేజీలు తెరిచే ముందు ప్రతి క్యాంపస్‌లోనూ కొత్త టైమ్‌టేబుల్ తయారవుతుంది. అది నోటీసు బోర్డు ఎక్కకముందే ఈ మాట మీ చెవిన వేయాలని రాస్తున్నాను. నేను ముఖ్యంగా అడిగేది ఒక్కటే. రాత్రి పదింటికి లైట్లు ఆర్పించండి, పొద్దున ఆరింటికి గంట కొట్టించండి. పిల్లల్ని ఎనిమిది గంటలు పడుకోనివ్వండి.

ఇప్పుడు చాలా క్యాంపస్‌లలో రోజు ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు. నాలుగున్నరకు గంట. ఐదింటికల్లా స్టడీ హాల్లో ఉండాలి. ఏడు దాకా చదువు. ఆ తర్వాత గంటలో స్నానం, టిఫిన్. ఎనిమిదికి మొదలైన క్లాసులు మధ్యాహ్నం భోజనానికి ఆగి, మళ్లీ సాయంత్రం ఐదు దాకా. స్నాక్స్‌కు కాస్త విరామం. ఆరు నుంచి ఎనిమిది దాకా స్టడీ. భోజనం. తొమ్మిది నుంచి పదిన్నర, పదకొండు దాకా ఇంకో స్టడీ. రూముకు వెళ్లి, మర్నాటి బట్టలు చూసుకుని, పక్క మంచం పిల్లాడితో నాలుగు మాటలు మాట్లాడి పడుకునేసరికి పదకొండున్నర. అంటే నిద్ర ఐదు గంటలు. వీకెండ్ టెస్ట్ ముందు రోజు అదీ ఉండదు.

మీలో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు పొద్దున ఐదున్నరకు స్టడీ హాల్లోకి వచ్చి ఎంత కాలమైందో నాకు తెలియదు. ఒక్కసారి వచ్చి, వెనక వరసలో నిలబడి చూడమని వేడుకుంటున్నాను. ముఖాన నీళ్లు చల్లుకుని వచ్చిన పిల్లల జుట్టు ఇంకా తడిగానే ఉంటుంది. కూర్చుంటే నిద్ర పడుతుందని కొందరు గోడకు ఆనుకుని నిలబడి చదువుతుంటారు. వాళ్ల నోట్సులు తెరిచి చూడండి. పేజీ మొదట్లో ముత్యాల్లా ఉన్న అక్షరాలు సగానికి వచ్చేసరికి గీత దిగిపోతాయి. ఒకచోట పెన్ను అలాగే కిందికి జారిపోయి, పేజీ అంచు దాకా సన్నని గీత పడి ఉంటుంది. ఆ పిల్ల అక్కడ కునుకు తీసిందన్నమాట. దాని కింద మళ్లీ అదే వాక్యం మొదటి నుంచి మొదలవుతుంది. కణం శక్తి తయారుచేసుకునే క్రెబ్స్ వలయంలో నాలుగు మెట్లు, మూడుసార్లు రాసి, మూడుసార్లూ మధ్యలో ఆగిపోయిన పేజీలు నేను దిద్దాను. ఆ రెండు గంటలూ మన లెక్కలో చదువు గంటలే. రిజిస్టర్‌లో హాజరు కూడా పడుతుంది.

నిద్ర గురించి నా సబ్జెక్టు వైపు నుంచి కొంచెం చెప్పనివ్వండి. 1729లో డి మేరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా పగలు ఆకులు విప్పుకున్నాయి, రాత్రి ముడుచుకున్నాయి. జీవి లోపలే ఒక గడియారం ఉందన్న ఆలోచనకు అది తొలి అడుగు. ఈ గడియారం అణువుల స్థాయిలో ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి తేల్చినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మనిషిలోనూ ఆ గడియారం ఉంది. పదహారు, పదిహేడేళ్ల వయసులో అది కాస్త వెనక్కి జరుగుతుంది. నిద్రకు ఒళ్లును సిద్ధం చేసే మెలటోనిన్ చిన్నపిల్లల కంటే, పెద్దవాళ్ల కంటే వీళ్లలో ఆలస్యంగా ఊరుతుంది. అందుకే తొమ్మిదింటికి పడుకోమన్నా వాళ్లకు నిద్ర పట్టదు. పొద్దున నాలుగున్నర అంటే వాళ్ల ఒంటి లెక్కలో ఇంకా నడిరాత్రే. ఇది బద్ధకం కాదు, ఆ వయసు తీరు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల అకాడమీ చెబుతోంది. నేను అడుగుతున్నది అందులో అతి తక్కువ లెక్క.

నిద్రలో మెదడు ఊరికే పడి ఉండదు. పగలు చదివింది మొదట హిప్పోక్యాంపస్ అనే భాగంలో తాత్కాలికంగా నిలుస్తుంది. గాఢనిద్రలో అది పదేపదే కదిలి, మిగతా మెదడులో స్థిరపడుతుంది. కలలు ఎక్కువగా వచ్చే దశ, శాస్త్రంలో రెమ్ నిద్ర అంటాం, రాత్రి చివరి గంటల్లో ఎక్కువ. మనసులోని భయాలు, బాధలు సర్దుకోవడంలో ఆ దశకు పాత్ర ఉందని పరిశోధకులు చెబుతున్నారు. నాలుగున్నరకు కొట్టే గంట కోసేది సరిగ్గా ఆ భాగాన్నే. చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లలు, టెస్ట్ పేపరు చూడగానే చేతులు వణికే పిల్లలు మన దగ్గర ఇంతమంది ఎందుకున్నారో ఆలోచించేటప్పుడు, అన్నిటికంటే ముందు వాళ్లు ఎన్ని గంటలు పడుకుంటున్నారో చూడాలి.

మీరు చెప్పే జవాబులు నాకు తెలుసు. మీటింగుల్లో విన్నవే.

బ్రహ్మముహూర్తంలో చదివితే బాగా ఎక్కుతుందని మన పెద్దలు చెప్పారంటారు. నిజమే, చెప్పారు. కానీ మన తాతలు, నానమ్మలు కోడికూతకు లేచారంటే, దీపాలు పెట్టిన కాసేపటికే తిని పడుకున్నారు కాబట్టి. ఎనిమిదిన్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తే ఎనిమిది గంటలు. మనం వాళ్ల ఉదయాన్ని మాత్రం తీసుకుని, వాళ్ల రాత్రిని వదిలేశాం. పెద్దల మాట మీద గౌరవం ఉంటే రెండూ తీసుకోవాలి.

టాపర్లు అందరూ ఇలాగే చదివారు కదా అంటారు. అదే టైమ్‌టేబుల్‌లో చదివి వెనకబడ్డవాళ్లు, మధ్యలో ఇంటికి వెళ్లిపోయినవాళ్లు, మళ్లీ పుస్తకం పట్టుకోలేకపోయినవాళ్లు ఎంతమందో ఫ్లెక్సీల మీద ఉండదు. ఆ ర్యాంకులు తెచ్చిన పిల్లలు సరిపడా నిద్రపోయి ఉంటే ఇంకెంత బాగా రాసేవారో కూడా మనకు తెలియదు. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో హైస్కూళ్ల ప్రారంభ సమయాన్ని 7:50 నుంచి 8:45కు మార్చారు. పిల్లల చేతికి కొలిచే పరికరాలు కట్టి చూస్తే, నిద్ర సగటున 34 నిమిషాలు పెరిగింది. వాళ్లు పరిశీలించిన బయాలజీ తరగతిలో మార్కులూ మెరుగుపడ్డాయి. కాలిఫోర్నియాలో అయితే హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలు పెట్టకూడదని చట్టమే చేసి, 2022 జులై నుంచి అమలు చేస్తున్నారు. అక్కడి పిల్లలకు ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) లేదనొచ్చు. కానీ మెదడు ఎక్కడైనా ఒకేలా పనిచేస్తుంది.

పరీక్షల మాటే తీసుకుందాం. నీట్ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. 180 ప్రశ్నలు, మూడు గంటలు. జేఈఈ మెయిన్ ఒక షిఫ్టు పొద్దున తొమ్మిదికి, ఇంకోటి మధ్యాహ్నం మూడింటికి. మన పిల్లలు రెండేళ్ల పాటు రోజూ మధ్యాహ్నం రెండింటికి ఏ స్థితిలో ఉంటారో క్లాసుకు వెళ్లే ఏ లెక్చరర్‌ని అడిగినా చెబుతారు. భోజనం తర్వాత మొదటి పీరియడ్ ఎవరికి పడినా ముఖం చిన్నబుచ్చుకుంటారు. సగం సెక్షన్ కళ్లు తెరిచి నిద్రపోతుంటుంది. రెండేళ్లు ఆ సమయంలో నిద్రమత్తుకు అలవాటైన ఒంటిని తీసుకెళ్లి, మే నెల ఎండలో, అదే సమయంలో, జీవితంలో ముఖ్యమైన పరీక్ష రాయమంటున్నాం. ర్యాంకులే మన లక్ష్యం అనుకున్నా ఈ టైమ్‌టేబుల్ దానికి అడ్డమే.

తల్లిదండ్రులే ఎక్కువ స్టడీ అవర్లు అడుగుతున్నారని, పక్క కాలేజీ నాలుగింటికే లేపుతోందని అంటారు. ఈ ఒత్తిడి నిజమైనదే, కాదనను. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి, తన బిడ్డ ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదనుకుంటాడు. కానీ ఆయనకు నిద్ర వృథా అని నేర్పింది ఎవరు? అడ్మిషన్ల సమయంలో మన పీఆర్వోలు ఇళ్లకు వెళ్లి చూపించే బ్రోచర్‌లో మొదటి పేజీలోనే 'రోజుకు ఇన్ని గంటల స్టడీ' అని ఉంటుంది. అదే చోట 'ఎనిమిది గంటల నిద్ర, గంట ఆట' అని వేసి, ఎందుకో నాలుగు మాటల్లో చెబితే ఆయన వింటాడు. బిడ్డ ఆరోగ్యం అంటే వినని తండ్రిని నేనింతవరకూ చూడలేదు.

ఆట గురించి ఎక్కువ చెప్పను, చెప్పాల్సింది చాలా ఉన్నా. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. మన క్యాంపస్‌లు చాలావరకు అపార్ట్‌మెంట్లలాంటి భవనాలు. గ్రౌండ్ ఉండదు. కనీసం టెర్రస్ మీద సాయంత్రం గంటసేపు నడవనిచ్చినా, పొద్దున టిఫిన్‌కు ముందు పది నిమిషాలు ఎండలో నిలబడనిచ్చినా మేలు. పొద్దుటి వెలుగు కంటికి తగిలితేనే లోపలి గడియారం సర్దుకుని రాత్రి వేళకు నిద్ర వస్తుంది. ఏడు దాకా ట్యూబ్‌లైట్ల కింద కూర్చోబెడితే ఆ వెలుగూ దక్కదు.

అమ్మాయిల హాస్టళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఏడు నుంచి ఎనిమిది లోపు అంతస్తు మొత్తానికి ఉన్న కొద్ది బాత్రూముల ముందు లైను కట్టాలి. తల స్నానం చేసే రోజు అయితే టిఫిన్ వదులుకోవాలి. నెలసరి రోజుల్లో ఇబ్బంది చెప్పక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి పిల్ల ఖాళీ కడుపుతో ఎనిమిదింటికి ఫిజిక్స్ క్లాసులో కూర్చుంటే కళ్లు తిరగక ఏమవుతుంది? క్లాసులు తొమ్మిదికి మొదలు పెడితే ఈ సమస్యలో సగం తీరుతుంది. బాత్రూములు కట్టడానికి డబ్బు కావాలేమో గానీ, గంట మార్చడానికి రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు మన సిబ్బంది గురించి. దీన్ని ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. పొద్దున ఐదింటి స్టడీకి వచ్చే జూనియర్ లెక్చరర్, పగలంతా క్లాసులు చెప్పి, పేపర్లు దిద్ది, రాత్రి స్టడీ డ్యూటీ కూడా చేసి ఇంటికి వెళ్లేసరికి తన పిల్లలు నిద్రపోయి ఉంటారు. వార్డెన్లలో చాలామంది డిగ్రీ అయిపోయి ఏదో ఒక ఉద్యోగం కావాలని వచ్చిన ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వాళ్లు. వాళ్లూ హాస్టల్లోనే ఉంటారు, అందరికంటే ఆఖర్న పడుకుంటారు, అందరికంటే ముందు లేస్తారు. నిద్ర చాలనివాడికి ఓపిక ఉండదు. కునుకు తీసిన పిల్లాడి మీద చెయ్యి లేచేదీ, నలుగురి ముందు అనరాని మాట వచ్చేదీ ఎక్కువగా ఆ వేళల్లోనే. వార్డెన్‌ని తీసేస్తే అది ఆగదు, ఇంకో వార్డెన్ అదే వేళకు లేచి అదే డ్యూటీ చేస్తాడు. పిల్లల రోజు మారితే వాళ్ల రోజూ మారుతుంది. ఒక తరగతి అంతా ఏడుపు ఆపుకుంటూ కూర్చుందని ముందుగా పసిగట్టాల్సింది ఈ లెక్చరర్లు, వార్డెన్లే. వాళ్లకే కళ్లు మూతలు పడుతుంటే ఎవరు పసిగడతారు?

మీరు ఈ పని చేయడానికి ప్రభుత్వం చెప్పేదాకా ఆగనక్కర్లేదు, నిజానికి చాలాసార్లే చెప్పారు. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ వేశారు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇస్తూ, రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు వద్దని, మరీ పొద్దున్నే, మరీ పొద్దుపోయాక పెట్టవద్దని, వారానికో సెలవు ఇవ్వాలని, సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదని చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు అన్నవి అందులో ఉన్నాయి. మన దగ్గర టెస్ట్ అయిన ప్రతిసారీ సెక్షన్లు మారుస్తాం. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు వచ్చిన పిల్లాడు పరుపు చుట్టుకుని ఇంకో రూముకు వెళ్తుంటే మిగతావాళ్లు గుమ్మాల్లో నిలబడి చూస్తుంటారు. ఇది వెంటనే ఆగాలి. దీని మీద చర్చ కూడా అవసరం లేదని నా అభిప్రాయం.

కౌన్సెలర్ అంటే పీఆర్వోకి ఇంకో పేరు పెట్టడం కాదు. సైకాలజీ చదివిన మనిషి, వారంలో అన్ని రోజులూ అందుబాటులో, స్టాఫ్ రూమ్‌కు దూరంగా ఒక గదిలో ఉండాలి. పిల్లలు చెప్పింది డీన్‌కు చేరదన్న నమ్మకం కలగాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ప్రతి అంతస్తులో రాయించి, ఫోన్ చేసుకునే వీలు కూడా కల్పించండి. ఆదివారం ఒక్కరోజు, అదీ ఐదు నిమిషాలు, వెనక లైన్లో ఇరవై మంది వింటుండగా అమ్మతో మాట్లాడమంటే ఏ పిల్ల తన బాధ చెప్పుకుంటుంది? 'బాగున్నావా', 'బాగున్నాను', 'తిన్నావా', 'తిన్నాను', అంతే. రోజూ సాయంత్రం పది నిమిషాలు ఇంటికి మాట్లాడుకోనిస్తే చాలా విషయాలు ముదరకముందే బయటికి వస్తాయి.

కాబట్టి నేను ప్రతిపాదించే రోజు ఇది. ఆరింటికి గంట. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఒక స్టడీ, అదీ నిన్నటి పాఠం పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాయడానికి. చూసి పదిసార్లు చదవడం కంటే ఇలా గుర్తు తెచ్చుకుంటేనే బాగా నిలుస్తుందని ఎన్నో ప్రయోగాల్లో తేలింది. స్నానాలకు, టిఫిన్‌కు గంటన్నర. తొమ్మిది నుంచి క్లాసులు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు బల్ల మీద తల వాల్చుకోనివ్వండి. ఐదింటికి క్లాసులు ఆగాలి. ఐదు నుంచి ఆరున్నర దాకా ఆట, ఇంటికి ఫోన్, ఊరికే కూర్చోవడం, ఏదైనా వాళ్ల ఇష్టం. ఆరున్నర నుంచి ఎనిమిది, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర స్టడీ. పదింటికి లైట్లు ఆరాలి, కారిడార్‌లో దుప్పటి కప్పుకుని చదివేవాళ్లను కూడా లోపలికి పంపాలి. ఆదివారం సెలవు, సోమవారం టెస్ట్ లేదు. ఇందులో ఇప్పటికీ స్టడీ అవర్లు మూడున్నర గంటలున్నాయి, క్లాసులు కాక. ఏ పదహారేళ్ల పిల్లకైనా ఇది తక్కువ చదువు కాదు.

అన్ని బ్రాంచీల్లో ఒకేసారి మార్చలేమంటే, ఒక్క బ్రాంచిలో జూన్ నుంచి దసరా సెలవుల దాకా చేసి చూడండి. మొదటి రెండు వారాలు గందరగోళంగానే ఉంటుంది. పదింటికి పడుకోమంటే పిల్లలకు నిద్ర పట్టదు, కొందరు లెక్చరర్లు సిలబస్ అవ్వదని గొడవ చేస్తారు. దానికి భయపడి వెనక్కి తీసుకోవద్దు. దసరా నాటికి ఆ బ్రాంచి టెస్ట్ మార్కులు, సిక్ రూమ్ రిజిస్టరు, ఇంటికి పంపమని వచ్చిన లెటర్లు, మధ్యలో మానేసినవాళ్ల లెక్క మిగతా బ్రాంచీలతో పోల్చి చూడండి. ఆ కాగితాలన్నీ ఇప్పటికే మీ దగ్గర ఉన్నాయి. వచ్చిన ఫలితం ఏదైనా సరే తల్లిదండ్రుల మీటింగులో వాళ్ల ముందు పెట్టండి.

టైమ్‌టేబుల్ గీయడానికి, స్టాఫ్ డ్యూటీలు సర్దడానికి చెయ్యి కావాలంటే నాలాంటి లెక్చరర్లు మీ ప్రతి క్యాంపస్‌లోనూ ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లోనే పిలవండి, కూర్చుని చేద్దాం.

ఇట్లు,
ఒక బోటనీ లెక్చరర్